రెండేళ్లు

సూది నూట ఇరవై మీదనే ఉన్నది.
బోర్డు మీద కూడా నూట ఇరవయ్యే.
లివా తొవ్వ. ఎడమకు ఇసుక, కుడికి ఇసుక,
నడుమ నేను, వెనుక ఎనభై నీళ్ల డబ్బాలు,
రేడియోల ఎవరో అరబ్బీల వాన గురించి చెప్తున్నడు.
ఫోను టింగుమన్నది:
నూట ఇరవై ఎనిమిది. ఆరువందల దిర్హాలు.

మొదటిసారి అనుకున్న, యంత్రం కదా, పొరబడి ఉంటది.
రెండోసారి కూడా అదే ఎనిమిది.
పొరబాటు అయితే ఒకసారి ఆరు, ఒకసారి పది కావాలె.
ప్రతిసారి ఒక్క తీరుగ తప్పేది తప్పు కాదు,
దానికేదో కొలత ఉన్నది.

సెలవునాడు మదీనత్ జాయెద్ సనయాకు పోయిన.
జర్‌వలీ దుకాణం ముందట పాత టైర్లు
కుమ్మరి వాకిట్ల కుండల లెక్క ఒకదాని మీద ఒకటి.
ఆయన నా మాట సగమే విన్నడు.
వంగి, టైరు పక్కకున్న అంకెల మీది దుమ్ము
బొటనవేలితోటి తుడిచి చదివిండు.
"ఇవి ఎవరు వేసిన్రు?"
ఇసుకల దిగబడుతున్నదని కంపెనీయే వేయించింది,
నేను వచ్చిన నెలలనే.
"బండితోటి పుట్టినవి కావు ఇవి," అన్నడు,
పిలగాని కాళ్లకు నాయిన చెప్పులు చూసినట్టు చూసి.

సుద్దముక్క తీసిండు.
టైరుకు ఒక గీత, దాని కింద నేలకు ఒక గీత.
బండిని మెల్లగ తోసినం, ఒక్క చుట్టు.
మళ్ల గీత.
గోడకు ఆనించిన పాత కొలత టైరును
అక్కణ్ణించే దొర్లించిండు,
దానికీ ఒక్క చుట్టు, ఒక గీత.
రెండు గీతల నడుమ నేను చెయ్యి పరిచిన:
జానకు రెండేళ్లు తక్కువ.

అంతే తేడా.
కానీ సూదికి తొవ్వ కనబడదు.
గేరుడబ్బాల కూసున్నోడెవడో చుట్లు లెక్కబెట్టి పంపుతడు,
చుట్టు పెద్దగైందని వానికి ఎవ్వరూ చెప్పలేదు.
ఇంకా పాత చుట్టుతోటే గుణిస్తున్నడు,
ధరలు పెరిగినయని తెలువని ముసలి షావుకారి లెక్క.
నూరు అన్నప్పుడు నూట ఏడు.
నూట ఇరవై అన్నప్పుడు నూట ఇరవై ఎనిమిది.

జర్‌వలీ చాయ్ పోసిండు.
తాగుతాంటే ఇంకో లెక్క గొంతుకు అడ్డం పడ్డది.

సూది ఒక్కటే కాదు గదా.
దాని కింద ఆరు అంకెల డబ్బా కూడా
అవే చుట్లు తిని బతుకుతది.
కిలోమీటరుకు పావు దిర్హం నాకు బత్తా.
నేను తోలవట్టి రెండేళ్లు.
తొంభై వేలు తిరిగినట్టు రాసుకున్నది.
నూటికి ఏడు.
అక్కడనే, నూనె మరకల పక్కన, సుద్దతోటి వేసిన:
ఆరువేల మూడువందల కిలోమీటర్లు.
తోలిన. దుమ్ముగాలికి ముందటి అద్దం తెల్లబడ్డా తోలిన,
నిద్ర రాకుండ పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంట తోలిన.
యాడా రాసిలేదు.

కురియచ్చన్ అకౌంటెంటు మంచోడే.
కళ్లద్దాలు పైకి జరుపుకొని మొత్తం విన్నడు.
నా అంకెలు తన కాలిక్యులేటరుల మళ్ల కొట్టి చూసిండు.
పదిహేను వందల డెబ్బై అయిదు, అవే వచ్చినయి.
"లింబాద్రీ, నీ లెక్క కరెక్టే.
కానీ బత్తాకు మీటరు ఏది చెప్తే అదే."
మరి జరిమానాకు?
"రాడారు ఏది చెప్తే అదే."
ఆయన నవ్వలేదు. నేనే నవ్విన.
ఒక్కటే బండి, ఒక్కటే చక్రం,
నేను కట్టేటప్పుడు పెద్దది,
నాకు ఇచ్చేటప్పుడు చిన్నది.

ఇప్పుడు మీటరు అద్దం మీద, నూట పన్నెండు కాడ,
తెల్లరంగు చుక్క ఒకటి పెట్టుకున్న.
సూది దాన్ని ముట్టంగనే కాలు లేపుత.
మొన్న పని నేర్చుకుంటానికి ఎక్కిన నేపాలీ పిలగాడు
మురికి అనుకొని గోటితోటి గీకబోయిండు.
ఉండనీ, అన్న.
ఎందుకని అడిగిండు.
నాకు హిందీల అంత వివరం రాదు.
స్టీరింగు మీది నుంచి ఒక చెయ్యి తీసి పరిచి చూపెట్టిన,
ముందు జాన,
తర్వాత రెండేళ్లు మడిచి.