తప్పు తుడుచుకునే మాట

అంత్సిరాబే వీధుల్లో పగలంతా రిక్షా లాగి
రాత్రి ఏడింటికి చర్చి వెనక గదికి వెళ్ళేవాణ్ణి
మాట్లాడ్డం నేర్చుకోవడానికి.
"నీకు మాటలు రావా?" అని నవ్వింది అమ్మ.
వచ్చు. బేరానికి సరిపడా వచ్చు.
తమ్ముడికి పిల్లనడగడానికి అవి చాలవు.

రబేజాఫీ మాస్టారి కుడిచేతికి రెండే వేళ్ళు,
మిగతావి వడ్లమర తిన్నది.
ఆ రెంటితోనే బల్ల మీద దరువేస్తూ చెప్పేవారు:
ఒక మాట మూడుసార్లు అను,
మూడోసారి మాత్రం చివర విరువు.
జవాబు తెలిసిన ప్రశ్నే అడుగు.
పిల్లను పిల్ల అనకు,
తడి ఆరని మడి అను, వాళ్ళ గుమ్మంలో వెలుగను.
రాయి సూటిగా పోతుంది, నీళ్ళు చుట్టుతిరిగి వస్తాయి,
వరి దేనితో పండుతుందో నువ్వే చెప్పు.

వీటన్నిటికంటే ముందు క్షమాపణ.
మా మలగాసీలో ఏ ప్రసంగమైనా అక్కడే మొదలు.
పెద్దలుండగా నోరెత్తినందుకు,
లేచి నిలబడ్డందుకు,
నా నీడ మీ చాప మీద పడ్డందుకు...
చెయ్యని తప్పులన్నీ వరసగా ఒప్పుకోవాలి.
నాకది నవ్వులాటగా ఉండేది.
ఎత్తు ఎక్కుతూ వల్లెవేసేవాణ్ణి,
ఊపిరి ఎక్కడ తెగితే అక్కడ కామా.
బండెక్కిన ఆవిడొకత్తె బెదిరిపోయి
డబ్బులివ్వకుండానే దిగిపోయింది.

ఆగస్టు చలిలో, ఎర్రమట్టి గోడల ఇంట్లో,
పిల్ల తరఫున మాట్లాడ్డానికి లేచినవాడు మామిసోవా.
మూడేళ్ళ కిందట అతని దగ్గర చక్రం అరువు తెచ్చి,
విరగ్గొట్టి,
రాత్రికి రాత్రి అతని గోడకే చేరేసి వచ్చింది నేను.
ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.
బజార్లో ఎదురుపడితే చాలు
ఇద్దరికీ ఒకేసారి చెప్పులో రాయి గుర్తొచ్చేది.

మొదలుపెట్టాను.
పెద్దలుండగా నోరెత్తినందుకు మన్నించండి.
నా నీడ మీ చాప మీద పడ్డందుకు మన్నించండి.
మూడోది విరవాలి కదా,
దానంతటదే విరిగింది:
విరిగినదాన్ని విరగనట్టు నిలబెట్టి
చీకట్లో వెళ్ళిపోయినందుకు
మన్నించండి.

మావాళ్ళు బాగుందన్నట్టు గొణిగారు.
పెదనాన్న అది ఉపమానమనుకున్నాడు.
మామిసోవా చేతులు వెనక్కి కట్టుకుని
కాసేపు దూలాలు లెక్కపెట్టాడు.
జవాబు కూడా చుట్టుతిరిగే రావాలి, అది నియమం.
"దూరం నడిచొచ్చారు, కాళ్ళు లాగుతూ ఉంటాయి.
చక్రాన్ని గుండ్రంగా చేసిందెందుకంటారు,
పోయింది తిరిగి రావడానికి కాదూ?"

ఆ తర్వాత గంటన్నరసేపు
పిల్లను ఎన్ని పేర్లతో పిలిచామో గుర్తులేదు.
కానుక డబ్బు దగ్గర కాస్త పేచీ పడి
సంబంధం కుదిరింది.

మర్నాడు మాస్టారు అడిగారు,
ఏ అలంకారం పనికొచ్చిందిరా అని.
మొదటిదన్నాను.
"అది అలంకారం కాదు, ఆచారం," అన్నారు
రెండు వేళ్ళూ బల్లకేసి కొట్టి.

శనివారం కొత్త చక్రం కొన్నాను.
ఇంకా ఇవ్వలేదు.
నోరెత్తకుండా ఎలా ఇవ్వాలో
ఎత్తు మీద ప్రాక్టీసు చేస్తున్నాను.