హార్కిన్ పంట్లాం

షెఫర్డ్స్ బుష్ స్టూడియోలో
ఎబెనీజర్ హార్కిన్‌కి పడిపోవడమే ఉద్యోగం.
పడ్డ ప్రతిసారీ పంట్లాం నా ఒళ్లోకొచ్చేది.
ఎడమ మోకాలి అతుకు నిచ్చెనది,
వెనక రెండూ కుక్క పుణ్యం.

మాటల సినిమాలొచ్చాయి.
అతనికి ఒక్క మాటా ఎవరూ రాయలేదు,
అయినా మైకు కింద నిలబెట్టారు.
వంగాడు.
టప్పుమంది.
"ఎవర్రా అది?" సౌండాయన కేక.
మోకాలు.
పడకుండానే అతన్ని చూసి అందరూ నవ్వడం
అదే మొదలు.
అతను మాత్రం మోకాలికేసి చూశాడు,
చాడీ చెప్పిన తమ్ముణ్ని చూసినట్టు.

తర్వాతన్నీ వెయిటరు వేషాలే,
హీరో భుజం వెనక.
ట్రే ఒక్కసారీ జారలేదు.

స్టూడియో మూసే వారం పంట్లాం తెచ్చాడు.
వెలుగుకి పట్టి చూశాను, ఎక్కడా చిరగలేదు.
"ఏం కుట్టమంటారు?"
నడుం దగ్గర గుడ్డ పట్టుకుని
రెండు వేళ్లు చూపించాడు,
లోపలికి.