మోతాదు

రోజూ నాలుగింటికి
ఫిల్టరుబెడ్డు తాళం తీస్తాను.
వెయ్యి కడవలకి ఒక గిద్ద.
మించకూడదు, తగ్గకూడదు.
కొలిచే చెయ్యి తూలకూడదని
నాకు మాత్రం రాజమండ్రి నుంచి వేరే టిన్ను వస్తుంది.

మందు వచ్చాక ఊళ్ళో తగువుల్లేవు.
ఉప్పుటేరు ఎగదన్ని చేలు చవుడుబారినా
"ఆయ్" అన్నారు.
కూలి సగం చేసినా
"ఆయ్, అలాగేనండి."
కాలవలో బాతులే
కాస్త గట్టిగా మాట్లాడేవి.

మొన్న రొయ్యల చెరువులో
ఏరియేటరు తీగ తగిలి
సువార్తమ్మ కొడుకు దానియేలు పోయాడు.
ఊరంతా వచ్చి చూసి, చక్కగా నవ్వి వెళ్ళింది.
ఆవిడా నవ్వింది.
మూడో రాత్రి నా గుమ్మంలో నిలబడి
కళ్ళకింద తడుముకుంటూ అంది:
"ఇక్కడేదో రావాలి బాబూ, రావట్లేదు.
పిల్లోడికి బాకీ పడిపోయాను.
ఒక్కపూట మందు ఆపవా?"

ఆపితే ఎనిమిది ఊళ్ళు ఏడుస్తాయి.
అంత ధైర్యం నాకేదీ.
నా టిన్ను ఎత్తి ఆవిడ చంకలో పెట్టాను.

రెండ్రోజులు కుళాయినీళ్ళే తాగాను.
తియ్యగానే ఉన్నాయి,
లేతబొండం నీళ్ళకి మల్లే.

ఈ తెల్లారగట్ల
పేట వైపునుంచి, కొబ్బరితోటలు దాటుకుని
ఒక గొంతు వచ్చింది,
కొడకా, కొడకా అని,
గట్టుకి గండి పడ్డట్టు.
కుక్కలు లేచాయి. వీధిలో ఒకటీ అరా దీపాలు వెలిగాయి.
ఎవరో గానీ
ఎంత బాగా పాడుతోందో అనుకుంటూ
గిద్ద ముంచాను.

ఒకటి పోశానో
మూడు పోశానో.