మంచినీళ్ల లారీ

మూడోనాటికి పైకొచ్చింది పడవ.
క్రేనుకి గంటకి నాలుగు వేలు.
అణియం మీద మాలకొండమ్మ పేరులో
చివరి 'మ్మ' ఒక్కటే మిగిలింది.

చావింటికొచ్చినట్టు వచ్చారు కాశిమేడు జనం.
ఇన్సూరెన్సు ఉందా, లేదా... అదే పరామర్శ.
నీళ్లలో దిగిన దురైక్కణ్ణు మాత్రం
ఏమీ అనకుండా
టిఫిను డబ్బా నా చేతిలో పెట్టాడు.
మూత సడలలేదు.
లోపల నా పెళ్లాం కలిపిన పులిహోర,
పాచిపోయింది గానీ
ఒక్క చుక్క సముద్రం ఎరగదు.

ఉప్పు ఆరేలోపు మోటారు కడగాలి.
మంచినీళ్ల లారీని పిలిపించాను.
"ఇంత సముద్రం పక్కన పెట్టుకునా?"
నవ్వాడు డ్రైవరు.
నేనూ నవ్వాను, పడవ మునిగాక మొదటిసారి.

గొట్టం పట్టుకుని కడిగాను, కడిగాను.
ప్లగ్గు సందులోంచి నల్లగా కారుతున్నది
వేలితో నాలిక్కి రాసుకున్నాను.
ఇంకా ఉప్పే.

ఇంకాస్త వదలమన్నాను నీళ్లు.