ఒక మాత్ర ముందుగా

తార్తు ఊళ్ళో, నది వైపు దిగే వీధిలో నా దుకాణం.
మూడు జతల స్పీకర్లు, రెండు సోఫాలు,
గోడలకి మందపాటి ఉన్ని తివాచీలు.
లోపలికి రాగానే మనుషులు గొంతు తగ్గిస్తారు,
ఆస్పత్రిలో లాగా.

వచ్చినవాళ్ళకి వినిపించడానికి ఒక డిస్కు ఉంది.
అందులో గాజుగ్లాసు పగులుతుంది,
ముక్కలు లెక్కపెట్టుకోవచ్చు.
ఒకావిడ మెడకి ఊపిరి తగిలేంత దగ్గరగా పాడుతుంది,
ఏం పాడిందో ఎవరికీ గుర్తుండదు.
డబుల్ బాస్ తీగ మోగితే కడుపులో కాఫీ కదులుతుంది.
ఈ డిస్కు ముందు ప్రతి యంత్రమూ బుద్ధిమంతుడే,
కొత్తల్లుడిలా.

మార్చిలో, మంచు బురదగా మారిన ఒక గురువారం
హెల్దుర్ వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళు.
బూట్లు గుమ్మంలోనే విప్పి మేజోళ్ళతో నడిచాడు,
ఒకదానికి మడమ దగ్గర వేరే రంగు దారంతో రఫ్ఫు.
నా డిస్కు సగం విని చెయ్యెత్తాడు:
"అమ్మాయీ, ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు.
గ్లాసు నిజంగా ఎలా పగిలిందో నాకేం తెలుసు?"

సంచిలోంచి బిస్కెట్ల డబ్బా, డబ్బాలోంచి టేపు చుట్ట.
మూల ఉన్న పాత రికార్డరుకి దుమ్ము దులిపాను.

అగ్నిమాపక దళం వారి ఇత్తడి బ్యాండు.
ఎనభై మూడు, నవంబరు,
కట్టెల పొయ్యి సరిగ్గా అంటుకోని హాలు.
పదకొండు మంది. ట్యూబా ఇతను.
పెళ్ళికీ చావుకీ వేగం మార్చి వాయించే ఒకటే బాణీ.
గొప్ప సంగీతమేం కాదు.
గీటురాయిని ఎవరూ మెళ్ళో వేసుకోరు.

నాలుగో నిమిషంలో అందరూ ఆగుతారు.
రెండు మాత్రల నిశ్శబ్దం.
అందులోకి, ఒక మాత్ర ముందుగా,
ఒంటరిగా, నిండు నమ్మకంతో
బూ... అంటుంది ట్యూబా.

"అది నేనే," అన్నాడు.
"ఇంకో టేపు లేదు. హాలుకి తాళం వేసే వేళయింది.
నలభై రెండేళ్ళుగా నా తప్పు అక్కడే కూర్చునుంది.
దాన్ని నాకంటే బాగా ఎరిగినవాడు లేడు."

మొదటి ఆంప్లిఫయరు, లోపల బల్బులు వెచ్చగా వెలిగేది,
తప్పుని తేనెలో ముంచింది.
కావాలనే వాయించినట్టుంది, చెవికి ఎంత హాయో.
హెల్దుర్ తలాడించాడు:
"మంచివాడు. అబద్ధాలాడతాడు."

రెండోది నేను అమ్మేవాటిలోకెల్లా ఖరీదైనది.
పదకొండు మంది వందమందయ్యారు.
పొయ్యి భగ్గున అంటుకుంది.
ట్యూబా ఇంటి కప్పంత.
"ఇంత పెద్ద తప్పు చెయ్యడానికి
నేనంత పెద్దవాణ్ణి కాను."

మూడోది బల్ల కింద ఉండేది,
బూడిదరంగు పెట్టె, ఎవరూ అడగరు.
అందులోంచి హాలు వచ్చింది.
చెక్క నేల, తడి కోట్లు,
పెదవులకి అతుక్కునే చల్లటి ఇత్తడి.
బూ...
ఎంత తప్పో అంతే.
దాని వెనకాల, ఎడమ చివర,
ముక్కులోంచి జారిన చిన్న నవ్వు.

హెల్దుర్ ముందుకి వంగాడు.
"మళ్ళీ."
టేపు వెనక్కి తిప్పాను.
"మళ్ళీ."

"ఎడమ చివర కోర్నెట్టు మైముది.
ఆ రాత్రి బస్సులో నా వైపు తిరగనే లేదు.
కిటికీకి మొహం ఆనించుకుని, భుజాలు మాత్రం..."
తన భుజాలు ఒకసారి కదిపి చూసుకున్నాడు.
"నేను కోపమనుకున్నాను."

ధర అడిగాడు. చెప్పాను.
పింఛను గురించి ఏదో గొణిగి
చాలాసేపు బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు.
కొనలేదు.
టేపుకి నకలు మాత్రం తీసుకోనిచ్చాడు.

ఇప్పుడు కొత్త పెట్టె ఏదొచ్చినా
తలుపు గడియ వేసి, గాజుగ్లాసుని పక్కన పెట్టి
ఆ నాలుగో నిమిషం దాకా ఆగుతాను.
వినేది ట్యూబాని కాదు.
కొన్నిట్లో మైము నవ్వుతుంది.
చాలావాటిలో నవ్వదు.
వాటినీ అమ్ముతాను,
అద్దె కట్టాలి కదా.