చారానా కోడి

మొదట శబ్దం వచ్చింది.
రేకుడబ్బాలో నాలుగు గులకరాళ్లు వేసి
ఎవరో నా సీటు కింద కూచుని ఊపుతున్నట్టు.
వుల్వర్‌హాంప్టన్ చలిలో, పొద్దున్నే అయిదూ ముప్పావుకి
పెన్ రోడ్డు ఎత్తు ఎక్కమంటే మొరాయించింది.
ఆగితే, వెనకనుంచి
కుళ్లిన గుడ్ల వాసన వచ్చి నన్ను అందుకుంది.

పదిహేడేళ్ల బండి. నా చేతికొచ్చి ఆరేళ్లు.
ఒక ముసలాయనకి మందులేసి
ఇంకో ముసలామెకి స్నానం చేయించబోయే మధ్యలో
పదకొండు నిమిషాలు దొరికితే
నా మధ్యాహ్న భోజనం ఈ స్టీరింగు వెనకాలే.
బండి లేకపోతే పని లేదు.
ఆ మాట కాంట్రాక్టు రెండో పేజీలో ఉంది.

ఎమ్‌ఓటీ కాగితం మీద ఒకటే తప్పు:
పొగ పరీక్ష పోయింది.
ఇంటర్లో నా కెమిస్ట్రీ పోయినట్టే,
రెండు మార్కుల్లో కాదు, ఘోరంగా.

షోరూములో కుర్రాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా
పదకొండు వందల నలభై పౌండ్లు అన్నాడు.
బండి అమ్మితే ఆరొందలు రావు.
చారానా కోడికి బారానా మసాలా!
పైకే అనేశాను, తెలుగులోనే.
"సారీ?" అన్నాడు.
ఏం లేదు, వంట సంగతి అన్నాను.

"లోపలిదంతా కడ్డీతో పొడిచి దులిపెయ్,
ఉత్త డబ్బా బిగించెయ్, ఎవడికి తెలుస్తుంది?"
పై వాటా బోగ్డాన్ సలహా.
పొలీసుకి తెలియకపోవచ్చు.
బుధవారం నేను చూసే హెడ్లీ గారికి తెలుస్తుంది.
బస్టాపు పక్కిల్లు, ముక్కులో ఆక్సిజన్ గొట్టం.
కిటికీ ఎప్పుడు తెరవచ్చో
నన్నే అడుగుతాడాయన.

బిల్‌స్టన్‌లో, రైలు వంతెన కింద, ఎరోల్ షెడ్డు.
అరవై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు.
ముందు ఏదీ విప్పలేదు. విన్నాడు.
రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించి
రెండో కొస ఇంజను వెంట జరుపుతూ
చాలాసేపు విన్నాడు.
"చచ్చింది ఆ డబ్బానే. చంపింది మాత్రం వేరే."
మూడో సిలిండరు కాయిల్లో నిప్పు తప్పుతోందట,
కాలని పెట్రోలు కిందికి దిగి
డబ్బాని కడుపులోంచి కాల్చేసిందట.
కాయిల్ ఇరవయ్యెనిమిది పౌండ్లు.
అది మార్చకుండా కొత్త డబ్బా వేయడం
చిల్లుకుండకి వెండి మూత పెట్టడం.

తుక్కు యార్డుది వద్దన్నాడు,
దాని ఆయుష్షు ఎవడు చూసొచ్చాడు?
కంపెనీది కాకపోయినా ఆమోదముద్ర ఉన్నది,
నూట తొంభై అయిదు.
గాస్కెట్లు, బోల్టులు పన్నెండు. కూలి డెబ్బై.
"పాతదాన్లో కాస్త ప్లాటినం మిగిలుంటుంది,
నలభై అయిదు వస్తుంది, నీ లెక్కలోంచి తీసేస్తా."
రెండొందల అరవై.
ఫోన్లో కూడాను. మళ్లీ కూడాను.
రెండు ఆదివారాలు. సరే.

బోల్టులు తుప్పుతో పెళ్లాడి ఉన్నాయి.
నూనె పోశాడు, మంట పెట్టాడు, తిట్టాడు.
నాలుగోది విరిగింది.
పాత డబ్బా బోర్లించి తడితే
పళ్లెంలోకి రాలాయి బూడిదరంగు తేనెపట్టు ముక్కలు,
ఒక్కో గది సూదిబెజ్జమంత.
తొంభై వేల మైళ్ల నా విషం
ఇంత సన్నటి దారుల్లోంచి పోయిందా!
వేలితో తాకబోయాను.
"ఆ దుమ్ము పీల్చకు" అన్నాడు ఎరోల్, గట్టిగా.

తాళం తిప్పాను. ఏమీ లేదు.
ఏమీ లేకపోవడం ఎంత బావుందో!
ఇన్నాళ్లూ హీటరుకి ఓ గొంతుందని
నాకు తెలియనే తెలియదు.
బిల్లు మీద నా పేరు హైమ కాదు, హైనా.
దిద్దలేదు.

బుధవారం హెడ్లీ గారు తలుపు తీసి
నొచ్చుకున్నట్టు చూశాడు.
"నువ్వొచ్చిన చప్పుడే లేదు.
రోజూ మలుపు దగ్గర నీ గలగల వినగానే
కెటిల్ మీట నొక్కేవాణ్ని."

ఇవాళ టీ ఆలస్యం.