పరదేశం కాలమ్

సిరోంచల కొత్తావార్ మెడికల్ ఎన్క నెట్ సెంటర్.
పంకా ఒక్కటే, అదీ కౌంటర్ దిక్కే తిరుగుతది.
తెర మీద ఢిల్లీల ఏదో యూనివర్సిటీ,
ప్రాంతీయ అంతర్జాతీయ అధ్యయనాలు, ఎం.ఏ.
"అంతర్జాతీయమంటె సమజైంది,
మల్ల ప్రాంతీయమేందక్కా?" అన్నడు సెంటర్ పిలగాడు సుధీర్.
ఫారం నింపుడు వాని పని. అర్థం చేసుకునుడు నా పని.

మొదటి గడిలనే ఆగినం. పేరు.
పదో తరగతి సనదు మీద వందన శంకర్ దుర్గం,
ఆధార్ల దుర్గం వందన,
రేషన్ కార్డుల వంద్నా, దాని ఎన్క ఏం లేదు.
ముగ్గురూ ఒక్కతే అని
తహసీల్ల అఫిడవిట్ చేపియ్యాలె.
ఒక్క మనిషినని చెప్పుకోవటానికి
ఇద్దరు సాక్షులు.

డిగ్రీల యాభై ఐదు శాతం. నాకు యాభై ఎనిమిది.
రెండేండ్లు, అరువై నాలుగు క్రెడిట్లు.
ప్రాంతం ఎంచుకోవాలె. బాణం గుర్తు నొక్కితె
పశ్చిమాసియా, మధ్యాసియా, ఆఫ్రికా,
జాబితా జారుకుంట జారుకుంట అడుగుకు పోయింది.
ప్రాణహిత వంతెన దాటంగనే
నోటు మారకుంట బస్సు రంగు మారే చోటు
ఏ ఖండం కిందికొస్తదో రాయలే.

ఒక పరభాష తప్పనిసరి, నాలుగు సెమిస్టర్లు.
బడిల మరాఠీ. అప్పజెప్పేటప్పుడు
ఇంటి మాట నోట్లెకెళ్లి జారితె
గురూజీ బల్ల మీద ఒక్కటి కొట్టేది,
చెయ్యి మీద కాదు, గని చెయ్యే మండేది.
అంగట్ల ఇప్పపువ్వు కొలిచే అక్కలతోని గోండి,
నాకు లెక్క మటుకే వచ్చు, ఇరువై దాక.
చంద్రాపూర్ బస్సుల హిందీ.
ఇగ ఈ తెలుగు అక్షరాలు
ఏ పంతులూ దిద్దియ్యలే.
సిమెంటు బస్తాల మీద, మంచిర్యాల డిపో బోర్డుల మీద
కూడబలుక్కుంట నేర్చిన.
'ఙ' ఏ బస్తా మీదా కనవడలే.
ఇండ్ల నాకు పరభాష ఏదో లెక్కవెడుతున్న,
సుధీర్ అప్పటికే ఫ్రెంచికి టిక్కు వెట్టిండు.

ఒక సెమిస్టరు పరదేశంల గడపాలె.
ఈ మాట ఇంటికి మోసుకొచ్చిన.
పోచుబాయి, మా నాయనమ్మ, చింతపండుల గింజ తీస్తున్నది.
ఎనభై తొమ్మిది అంటది, వంద అంటది,
అడిగేటోన్ని బట్టి.
"పరదేశమా? నేను పోయిన గదనే."

తొమ్మిదేండ్ల పిల్ల, లగ్గమై నాలుగొద్దులు.
అవతలొడ్డు నిజాం రాజ్యం, ఇవతలొడ్డు ఇంగ్రేజోళ్లది.
నడుమ ఒక్క నావ, ఒక్క కరోడ్గిరి నాకా.
బట్టకు పన్ను, బెల్లానికి పన్ను, కంచుకు పన్ను.
అవ్వ ఇచ్చిన కంచుగిన్నె ఒక్కటే ఆమె సామాను.
దాన్నిండ జొన్నంబలి పోసుకొని
నాకా ముంగట నిలవడి తాగుకుంట
"ఇది సామాను గాదు, నా బువ్వ" అన్నదట.
సిపాయికి నవ్వొచ్చిందో, ఆకలైందో,
పో అన్నడట.

"ఆడ మాట వేరే ఉండెనా?"
"మాట గదే. ఉప్పు ధర వేరు."
"మరి ఎన్నినెల్లున్నవ్ పరదేశంల?"
పోచుబాయి గింజ దిక్కే చూసుకుంట,
"ఇంకా ఉన్న."

దరఖాస్తు ఫీజు రెండువేల ఐదువందలన్న.
"కరోడ్గిరి" అన్నది.

ఉద్దేశం రాయాలె, ఐదువందల మాటలు మించరాదు.
రాత్రి కరెంటు పోయింది, ఫోన్ల పదకొండు శాతం.
ఈ కోర్సే ఎందుకు, మీరే ఎందుకు.
చెరిపిన, రాసిన, మూడువందలు దాటినయ్.
ఆ గిన్నె అర్ర మూలకుంది, ఉప్పు పోస్తం దాంట్ల,
అంచు కాడ చిన్న సొట్ట.
దాని ముచ్చట దగ్గర వేలు ఆగింది.

ఇది సామాన్ల చూపాల్నా,
బువ్వల చూపాల్నా.